గాలి బయటికి పోయే దారి కూడా గీయండి: పాలీహౌస్ నమూనాలు గీసేవారికి బహిరంగ లేఖ

పాలీహౌస్ నమూనాలు గీసే ఇంజనీర్లకు, ఆ గీతల మీద ఆమోదముద్ర వేసే అధికారులకు, వాటిని పట్టుకుని పైపులు నిలబెట్టే నిర్మాణ సంస్థలకు,

అయ్యా, అమ్మా,

ఇనుప పైపుల మీద ప్లాస్టిక్ షీట్ కప్పి లోపల పంట పండించే పాలీహౌస్‌కు ప్రారంభోత్సవం ఎప్పుడూ పొద్దున పూటే పెడతారు. తొమ్మిదిన్నరకల్లా రిబ్బన్ కత్తిరించడం, లోపల ఒక చుట్టు తిరగడం, ఫొటోలు దిగడం అన్నీ అయిపోతాయి. ఆ వేళకి లోపల బాగానే ఉంటుంది. కొత్త షీట్‌లోంచి వచ్చే వెలుతురు మెత్తగా ఉంటుంది, ఎవరికీ చెమట పట్టదు. ఎండాకాలం మధ్యాహ్నం రెండింటికి పెట్టిన ప్రారంభోత్సవం ఒక్కటంటే ఒక్కటి నేను చూడలేదు. చూసి ఉంటే బహుశా ఈ ఉత్తరం రాసే పని పడేది కాదు.

నేను ఎండ ఎక్కువ, వాన తక్కువ ఉండే మెట్ట ప్రాంతంలో కూరగాయలు పండించే రైతును. నా పాలీహౌస్‌లో ఫ్యాన్లు లేవు, నీళ్లతో తడిసి వచ్చే గాలిని చల్లబరిచే కూలింగ్ ప్యాడ్లు లేవు. పక్కల చుట్టి పైకెత్తే కర్టెన్లు, పైకప్పులో గాలికి వదిలిన సందులు, అంతే. మీ కాగితాల్లో దీన్ని సహజ గాలి ప్రసరణ పాలీహౌస్ అంటారు. ఈ పద్ధతి మీద నాకేమీ కోపం లేదు. ఫ్యాన్లతో నడిచే ఇంట్లో నడి ఎండలో కరెంటు పోతే నిమిషాల్లో తోట ఉడికిపోతుంది. కరెంటు మీద నమ్మకం లేని రైతుకు గాలి మీద ఆధారపడే ఇల్లే దిక్కు. నా ఫిర్యాదల్లా ఒకటే. మీ బొమ్మలో నేల ఎన్ని చదరపు మీటర్లో ఉంటుంది, పైపు మందం ఎంతో ఉంటుంది, షీట్ ఎన్ని మైక్రాన్లో ఉంటుంది. గాలి లోపలికి రావడానికి, బయటికి పోవడానికి నిజంగా ఎంత దారి మిగిలిందో మాత్రం ఎక్కడా ఉండదు. గాలి కదా, దాని దారి అదే చూసుకుంటుందని వదిలేస్తారు.

అది చూసుకోదు. ఈ సంగతి తెలుసుకోవడానికి నాకు రెండు పంటలు పట్టింది.

మొదటి ఇల్లు కట్టించినప్పుడు నాకేమీ తెలియదు. కాటలాగ్‌లో ఫొటో చూశాను, సంతకం పెట్టాను. ఎండలు ముదురుతున్న రోజుల్లో క్యాప్సికం నారు నాటించారు. బయట 38 డిగ్రీలు ఉన్న రోజున మొక్క ఎత్తులో వేలాడదీసిన థర్మామీటర్ 46 చూపించింది. అది చెడిపోయిందనుకుని ఇంకొకటి కొన్నాను. అదీ అంతే చూపించింది. పూత వచ్చింది, వచ్చింది వచ్చినట్టే రాలింది. కట్టినవాళ్లకు ఫోన్ చేస్తే నీళ్లను సన్నటి తుంపరగా చిమ్మే ఫాగర్లు పెట్టించుకోమన్నారు. పెట్టించాను. ఆకుల మీద తెల్లటి ఉప్పు పొర కట్టింది, పది రోజుల్లో సగం నాజిళ్లు మూసుకుపోయాయి. మళ్లీ ఫోన్ చేస్తే లోపల నల్ల షేడ్‌నెట్ కట్టమన్నారు. కట్టాను. నీడ వచ్చింది, వేడి తగ్గలేదు. ప్రతి మందుకూ ఇంకో జబ్బు పుట్టింది. అసలు జబ్బు ఊపిరాడకపోవడమని ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్లకు తెలుసో లేదో కూడా నాకు అనుమానమే.

ఈ ఇల్లు పుట్టింది చలి దేశాల్లో. వెచ్చదనాన్ని పోనివ్వకుండా పట్టి ఉంచడం అక్కడ దాని పని. మనకు కావలసింది సరిగ్గా దానికి వ్యతిరేకం. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు ఆ ఆకారాన్నే తెచ్చి ఎండలో నిలబెడితే అది తన పుట్టుక గుణమే చూపిస్తుంది. కాదు, ఎడారి లాంటి చోట్ల కూడా ఇవి బాగా నడుస్తున్నాయి కదా అని మీరు అల్మేరియా ఫొటోలు చూపిస్తారు. నిజమే. దక్షిణ స్పెయిన్‌లో ఏడాదికి 200 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడని ఆ తీరంలో 30,000 హెక్టార్లకు పైగా ప్లాస్టిక్ కిందే ఉంది. వాటిలో చాలావాటికి ఫ్యాన్లు లేవు, హీటర్లు లేవు. ద్రాక్ష పందిళ్ల కోసం కట్టిన కొయ్యలు, తీగల అల్లిక మీదే మొదట్లో ప్లాస్టిక్ కప్పారు. కానీ పక్కనే సముద్రం ఉంది, దాని గాలి ఉంది. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి: అక్కడ మామూలుగా వేసవి చివర నాటి, మళ్లీ వేసవి మొదలయ్యేసరికి పంట తీసేస్తారు. నడి వేసవిలో చాలా ఇళ్లు ఖాళీగా ఉంటాయి. కొత్త పంట నాటే ముందు పైకప్పు మీద సుద్ద నీళ్లు కొట్టి ఎండను తగ్గిస్తారు. ఆ ఖాళీ నెలల ఫొటోలు ఏ కాటలాగ్‌లోనూ నాకు కనబడలేదు.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. కోపంతో రాస్తే మీరు చదవరు, లెక్కతో రాస్తే కనీసం తప్పు పట్టడానికైనా చదువుతారు.

ఫ్యాన్ లేని ఇంట్లో గాలిని కదిపేవి రెండే. ఒకటి బయట వీచే గాలి. రెండోది వేడెక్కిన గాలి తేలికై పైకి పోవడం. గాలి సెకనుకు 2 మీటర్లు దాటి వీస్తుంటే మొదటిదే పనంతా చేస్తుంది, రెండోదాన్ని లెక్కపెట్టనక్కర్లేదు. ఆకు కదలని ఉక్క మధ్యాహ్నాల్లో రెండోదే గతి. పంట ప్రాణం మీదికి వచ్చేదీ ఆ మధ్యాహ్నాల్లోనే. ఇంటి ఎత్తు పెంచాం కాబట్టి గాలి బాగా ఆడుతుందని మీరంటారు. ఎత్తు మంచిదే, వేడి గాలి మొక్కల తలల మీంచి పైకి జరుగుతుంది. కానీ వేడి వల్ల పుట్టే ప్రవాహం ఎత్తుతో సమానంగా పెరగదు, దాని వర్గమూలంతో పెరుగుతుంది. కింది సందుకూ పై సందుకూ మధ్య దూరం రెట్టింపు చేస్తే గాలి రెట్టింపు కాదు, 40 శాతం పెరుగుతుంది. సందుల వైశాల్యం రెట్టింపు చేస్తే మాత్రం గాలి రెట్టింపవుతుంది. ఎత్తుకు ఇనుము పెట్టేకంటే సందుకు పెట్టడం మేలని దీని అర్థం. పైన సందే లేకుండా ఎత్తు మాత్రం పెంచితే? మూత పెట్టిన కుండను పొడుగు చేసినట్టే.

పైకప్పు సందులు, పక్క సందులు కలిపి నేల వైశాల్యంలో 15 నుంచి 25 శాతం ఉండాలన్నది పాతకాలం నుంచి వస్తున్న ఇంజనీరింగ్ సూచన. మీ బొమ్మలు దీనికి లోటు చెయ్యవు, చూడ్డానికి దాటిపోతాయి కూడా. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక్కొక్కటి 8 మీటర్ల వెడల్పున 4 స్పాన్లు, అంటే పక్కపక్కనే కలిపి కట్టిన కప్పు భాగాలు, పొడవు 40 మీటర్లు. నేల 1,280 చదరపు మీటర్లు. ఒక్కో స్పాన్ మీద 80 సెంటీమీటర్ల సందు పొడవునా ఉంటే పైన 128 చదరపు మీటర్లు, అంటే 10 శాతం. చుట్టూ 144 మీటర్ల పొడవున 2 మీటర్ల కర్టెన్ తెరిస్తే ఇంకో 288, అంటే 22 శాతం పైమాట. మొత్తం 32 శాతం దాటింది. కాగితం మీద ఘనంగా ఉంది కదా?

ఇప్పుడు దానికి పురుగులను ఆపే నెట్ కట్టండి. తెల్లదోమ లోపలికి వస్తే టమాటాలో ఆకుముడత వైరస్ వచ్చినట్టే, కాబట్టి నెట్ లేకుండా కుదరదు. అంగుళం పొడవులో 50 రంధ్రాలుండే 50 మెష్ నెట్‌లో రంధ్రం వెడల్పు పావు మిల్లీమీటరు దరిదాపుల్లో ఉంటుంది. దారాల మందం తీసేస్తే నిజంగా తెరిచి ఉండే భాగం మూడో వంతు నుంచి 40 శాతం. మంచి నెట్ అని 40 శాతమే వేసుకుందాం. 416 చదరపు మీటర్ల సందు కాస్తా 166 చదరపు మీటర్ల రంధ్రాలవుతుంది. నేలలో 13 శాతం. సూచనలో చెప్పిన కనీస స్థాయి కంటే తక్కువ. ఇది కొత్త నెట్ సంగతి. మెట్ట ప్రాంతపు దుమ్ము నెల రోజులు పట్టాక దాన్ని వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. గోడలా ఉంటుంది. తామర పురుగును కూడా ఆపాలంటే దాని ఒళ్లు ఇంకా సన్నం కాబట్టి ఇంకా చిన్న రంధ్రాల నెట్ కావాలి. అప్పుడు గాలి సంగతి మీరే ఊహించుకోండి.

నెట్ వద్దని నేననడం లేదు. నెట్‌కూ సందుకూ ఒకే కొలత ఎందుకు ఉండాలి అని అడుగుతున్నాను. సందు 1 చదరపు మీటరైతే నెట్ 2 లేక 3 చదరపు మీటర్లు ఉండవచ్చు. మడతలు మడతలుగా అకార్డియన్ తిత్తిలా కట్టవచ్చు. పక్కల కర్టెన్‌కు ఆనించి కాకుండా ఓ మీటరు బయటికి జరిపి వసారాలా కట్టి, దాని పైకప్పుకూ నెట్టే వేయవచ్చు. రెండో ఇంటికి నేను అలాగే చేయించాను. మేస్త్రీ నవ్వాడు. నవ్వితే నవ్వాడు, గాలి వచ్చింది.

ఇక పెద్ద ఇళ్ల సంగతి. ఇది మీలో చాలామంది తెలిసి చేస్తున్నారో తెలియక చేస్తున్నారో నాకు అర్థం కాదు. చిన్న ఇల్లు బాగా నడిచింది కాబట్టి అదే నమూనాను హెక్టారుకు సాగదీస్తారు. 100 మీటర్లకు 100 మీటర్లు. చుట్టుకొలత 400 మీటర్లు, కర్టెన్ అదే 2 మీటర్లు. పక్క సందు 800 చదరపు మీటర్లు. నేలలో ఎంత? 8 శాతం. చిన్న ఇంట్లో 22 ఉండేది. నేల చదరంగా పెరుగుతుంది, అంచు మాత్రం పొడవుగానే పెరుగుతుంది. ఇది బడి పిల్లల లెక్క. పక్కల నుంచి వచ్చిన గాలి పాతిక మీటర్లు లోపలికి వచ్చేసరికి మొక్కల మధ్య వేగం చచ్చి, వేడెక్కి, తేమ పట్టి ఉంటుంది. అందుకే పెద్ద ఇళ్లలో నడిమి వరుసలు ఎప్పుడూ వేరే పంటలా కనబడతాయి. చివరి వరుసల్లో కాయ, నడిమి వరుసల్లో ఆకు. ఫ్యాన్ లేని ఇంటి వెడల్పు 50 మీటర్లు దాటకూడదని, దాటాలంటే పక్కల లోటంతా పైకప్పు సందులు పూడ్చేలా ఉండాలని మీ నిబంధనల్లో ఒక్క వాక్యం చేర్చడానికి ఏమిటి అడ్డం? ఒకే పెద్ద ఇంటి బదులు మధ్యలో ఖాళీ వదిలి మూడు ఇళ్లు కడితే ఇనుము ఎక్కువ పడుతుంది, నిజమే. నడిమి వరుసల్లో పోయే పంటను ఎవరు లెక్క కడుతున్నారు?

వరుసల దిక్కు కూడా గాలిని బట్టే ఉండాలి. గాలికి అడ్డంగా నిలువెత్తు టమాటా తీగలు కడితే మొదటి వరుసే గోడ అయి కూర్చుంటుంది.

వేడి లెక్క ఇంకొకటి చెప్పి ముందుకు పోతాను. నడి ఎండలో ఖాళీ ఇంట్లో ప్రతి చదరపు మీటరు నేల మీద 400 వాట్ల వేడి గాలిలో కలుస్తోందనుకుందాం. ఇంటి సగటు ఎత్తు 4 మీటర్లు. లోపలి గాలి గంటకు 30 సార్లు మారితే లోపల బయటికంటే సుమారు 10 డిగ్రీలు ఎక్కువ. 60 సార్లు మారితే 5 డిగ్రీలు. 120 సార్లు మారితే రెండున్నర. రెండు సంగతులు గమనించండి. 30 నుంచి 60కి పోవడం వల్ల వచ్చిన లాభం 60 నుంచి 120కి పోతే రాదు. రెండోది, ఎన్ని సార్లు మారినా బయటి వేడి కంటే కిందికి దిగదు. బయట 40 ఉంటే లోపల 40కి తగ్గదు. కిందికి దించగలిగేది నీరు ఆవిరవడం ఒక్కటే.

ఆవిరి చేసే యంత్రం ఇంట్లోనే ఉంది, దాని పేరు ఆకు. ఒక లీటరు నీరు ఆవిరవడానికి సుమారు 2.45 మెగాజూళ్ల వేడి పోతుంది. ఏపుగా పెరిగి నేలంతా కమ్ముకున్న కీర దోస తోట ఎండ రోజున చదరపు మీటరుకు నాలుగైదు లీటర్లు ఆవిరి చేస్తుంది. అంటే 10 నుంచి 12 మెగాజూళ్ల వేడిని ఆకులే మింగేస్తాయి. కరెంటు లేకుండా, నాజిల్ మూసుకుపోకుండా. అదే ఇంట్లో జానెడు నారు ఉన్నప్పుడు నేల మీద పడ్డ ఎండలో చాలా భాగం నేరుగా గాలినే కాలుస్తుంది. అంటే ఏటా అతి వేడి వారాల్లో నారు నాటించడమంటే కూలర్ బిగించక ముందే కిటికీలు మూసి ఇంట్లో పడుకోమనడమే. నా మొదటి క్యాప్సికం చచ్చింది ఇలాగే. మీ పంటల పట్టికలో నెలలు ఉంటాయి. ఆ నెలలో ఆకు ఎంత ఉంటుందన్నది ఉండదు. వేర్లకు నులిపురుగులు పట్టినా, డ్రిప్ లైన్ ఒకటి మూసుకుపోయినా, ఆ వరుసలో ఆకులు వడలి, చల్లదనం ఆగి, పక్క వరుస కూడా వేడెక్కడం నేను చేత్తో తాకి చూశాను. ఒక వరుస దాహం ఇంకో వరుసకు జ్వరం.

ఇక్కడ నాకే వ్యతిరేకమైన మాట ఒకటి ఒప్పుకోవాలి. సందులన్నీ బార్లా తెరవడమే ఎప్పుడూ మంచిది కాదు. బయట 40 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉన్న రోజున గాలికి నీళ్ల దాహం, అంటే అది ఇంకా ఎంత ఆవిరి పీల్చుకోగలదో చెప్పే కొలత, 5.9 కిలోపాస్కళ్లు. కూరగాయ మొక్క హాయిగా ఉండేది 1 కిలోపాస్కల్‌కు అటూఇటూ. ఆ వడగాలిని నేరుగా లేత మొక్కల మీదికి వదిలితే ఆకు రంధ్రాలు మూసుకుంటాయి, మొక్క ఊపిరి బిగపడుతుంది, కూలర్ ఆగిపోతుంది. కాబట్టి నేను అడిగేది పెద్ద సందు మాత్రమే కాదు, చేతిలో ఉండే సందు. కర్టెన్ కింది నుంచి పైకి చుట్టుకునేలా పెడితే మొదట తెరుచుకునేది సరిగ్గా మొక్క మొదలు దగ్గర. దుమ్ము, వడగాలి రెండూ లేత ఆకుకే తగులుతాయి. పై నుంచి కిందికి దిగేలా పెట్టండి. గాలి వచ్చే వైపు కొంచెం, పోయే వైపు ఎక్కువ తెరుచుకునే వీలు ఇవ్వండి. పైకప్పు సందు గాలి పోయే వైపుకు తిరిగి ఉంటే లోపలి వేడిని లాగేస్తుంది, పెనుగాలి దూరి షీట్ లేపే భయమూ తక్కువ.

ఫాగర్ల గురించి ఇందాక కోపంగా రాశాను. వస్తువు చెడ్డది కాదు, వాడమన్న తీరు చెడ్డది. తక్కువ ఒత్తిడితో నడిచే ఫాగర్ చినుకు పెద్దది, గాలిలో ఆవిరి కాకముందే ఆకు మీద పడుతుంది. బోరు నీళ్లలోని ఉప్పు ఆకు మీదే మిగులుతుంది. నిజమైన పొగమంచు కావాలంటే 70 బార్ల దగ్గర ఒత్తిడి, ఉప్పు తీసిన నీరు కావాలి. ఇవన్నీ ఉన్నా, తడిసిన గాలి బయటికి పోయే దారి లేకపోతే ఆవిరి అక్కడితో ఆగిపోతుంది. బయటికి దారి లేని ఇంట్లో ఫాగర్ పెట్టడం ఉక్కకు ఆవిరి కలపడమే. సందు సరిపోని ఇంటికి ఫాగర్లను మందుగా రాసిచ్చేవాళ్లు ఈ రెండు వాక్యాలు తమ గోడ మీద అతికించుకుంటే సంతోషిస్తాను.

నీడ సంగతీ అంతే. లోపల కట్టిన నల్ల నెట్ ఎండను ఆపుతుంది, ఆపిన ఎండంతా తనే వేడెక్కి ఆ వేడిని లోపలే వదులుతుంది. పైగా పైకప్పు సందుకు అడ్డం పడుతుంది. నీడ బయట ఉండాలి, తెల్లగా ఉండాలి. పైకప్పు మీద సుద్ద పూత అన్నిటికంటే చవక, వానకు దానంతటదే కడుక్కుపోతుంది. సూర్యుడి నుంచి వచ్చే శక్తిలో దాదాపు సగం మొక్క వాడుకోలేని పరారుణ భాగమే. దాన్ని వెనక్కి పంపే షీట్లు ఉన్నాయి. వెలుతురును చెదరగొట్టి కింది ఆకులకు కూడా అందించే షీట్లు, అతినీలలోహిత కిరణాలను ఆపి తెల్లదోమను తికమక పెట్టే షీట్లు కూడా ఉన్నాయి. మాకు ఇచ్చే కాగితంలో మాత్రం 200 మైక్రాన్లు అని ఒక్క మాటే ఉంటుంది. మందం చెప్పి గుణం చెప్పకపోతే ఎలా?

పూత రాలడానికి కారణం ఎరువులో వెతికేవాళ్లకు ఒక మాట. టమాటాకు పగటి వేడి చాలాసేపు 32 డిగ్రీలు దాటితే పుప్పొడి బలహీనపడుతుంది, రాత్రులు కూడా వేడిగా ఉంటే పిందె నిలవదు. కట్టిన కాయ కూడా ఆ వేడిలో ఎర్రబడదు, పసుపు రంగులోనే ఆగిపోతుంది. క్యాప్సికం పూతా అంతే. పుప్పొడితో పని లేకుండా కాయ కట్టే కీర దోస రకాలే కొంచెం తట్టుకుంటాయి. గాలి ఆడని ఇంట్లో ఇంకో చిక్కు ఉంది. టమాటా పువ్వు తనకు తానే ఫలదీకరణ చేసుకోగలదు, కానీ ఎవరో ఒకరు దాన్ని కదపాలి. నెట్ లోపలికి తేనెటీగ రాదు, గాలీ రాకపోతే పొద్దున పూట మేమే తీగలు పట్టుకుని ఊపుతూ తిరగాలి. తిరుగుతున్నాం కూడా.

నీళ్ల గురించి ఎక్కువ రాయను, కానీ మీ బొమ్మలో పూర్తిగా లేని అధ్యాయం ఇది. షీట్ కింద వాన పడదు. వాన పడని నేలలో ఉప్పు కిందికి దిగదు. బోరు నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే విద్యుత్ వాహకత మీటరుకు 1 డెసిసీమెన్ ఉంటే లీటరులో సుమారు 640 మిల్లీగ్రాముల లవణాలున్నట్టు. రోజుకు సగటున 3 లీటర్ల చొప్పున 200 రోజుల పంటకు ఇస్తే చదరపు మీటరు నేలలో 380 గ్రాములు పోసినట్టే. మొక్క తీసుకునేది అందులో కొంతే. నేల లవణం అదే కొలతలో 1.5 దాటితే క్యాప్సికం, 2.5 దాటితే టమాటా, కీర దోస దిగుబడి తగ్గడం మొదలవుతుంది. విచిత్రం ఏమిటంటే ఉప్పు లేని నీళ్లు ఆ ఇంటి నెత్తి మీదే పడుతున్నాయి. 500 మిల్లీమీటర్ల వాన పడే చోట పై ఉదాహరణలోని ఇంటి కప్పు మీద ఏడాదికి 6,40,000 లీటర్లు పడుతుంది. ఐదో వంతు పోయినా మిగిలింది ఆ పంటకు 130 రోజుల తడి. దాన్ని మీరు గటర్ పెట్టి జాగ్రత్తగా పట్టి, పైపు వేసి మరీ బయట గుంటలోకి వదిలేస్తున్నారు. ఆ గుంట దగ్గరే నా పునాది పైపులు కుంగాయి. గటర్ గీసిన చేత్తో నీళ్ల తొట్టి కూడా గీయండి. బోరు నీళ్లలో ఈ వాన నీళ్లు కలిపితే ఉప్పు సగం విరుగుతుంది.

ఏడాది పొడవునా పంట అని మీ కరపత్రాల్లో రాస్తారు. దయచేసి ఆ మాట తీసేయండి. మెట్ట ఎండల్లో ఈ ఇంటికి ఏటా ఆరేడు వారాల సెలవు కావాలి. ఆ సెలవు వృథా కాదు. బెడ్లు బాగా తడిపి, పల్చటి పారదర్శక షీట్ నేలకు అంటుకునేలా పరిచి, ఇంటి కర్టెన్లు మూసేస్తే మనల్ని ఏడిపించిన ఎండే నేలలోని శిలీంద్రాలను, చాలామేర నులిపురుగులను ఉడికిస్తుంది. ఇజ్రాయెల్‌లో 1976లో శాస్త్రీయంగా నిరూపించిన పద్ధతి ఇది. పంటకు పనికిరాని ఒకే ఒక్క కాలంలో ఇంటికి పుట్టుక గుణం పనికొస్తుంది. మీ పంటల పట్టికలో ఆ వారాల గడిని ఖాళీగా ఉంచకుండా ఈ పని పేరు రాయండి. ఆ గడి ఖాళీగా కనబడితే బ్యాంకులో ఉన్నవాళ్లు మమ్మల్ని సోమరులనుకుంటున్నారు.

చాలా చోట్ల అసలు షీట్ ఇల్లే అవసరం లేదనేది నా నమ్మకం. వాన తక్కువైన చోట పురుగును, ఎండను ఆపడానికి నెట్ హౌస్ చాలు. కప్పంతా రంధ్రాలే కాబట్టి వేడి అక్కడ నిలవదు. వాన రోజుల్లో తెగుళ్లు రావచ్చు, చలి రాత్రుల్లో కాపు తగ్గవచ్చు. అయినా రైతు ముందు రెండూ పెట్టి, ఏ పంటకు ఏది, ఏ నెలల్లో ఏది అని చెప్పి ఎంచుకోనివ్వాలి. ఇనుము ఎక్కువ పట్టేదే ఎప్పుడూ మంచిదెందుకవుతుందో మాకు తెలియనిదేం కాదు.

నేను కోరేది పెద్ద పరిశోధన కాదు. బొమ్మ మీద, నేల వైశాల్యం రాసే చోటే, నెట్ రంధ్రాలు లెక్కేశాక మిగిలిన సందు ఎన్ని శాతమో రాయండి. ఆ అంకె లేని బొమ్మ మీద సంతకం పెట్టకండి. ఇల్లు అప్పగించే రోజున, మొక్క లేకుండా, నడి ఎండలో, లోపలా బయటా వేడి కొలిచి ఆ తేడా కాగితం మీద రాసి ఇవ్వండి. థర్మామీటర్‌కు ఎండ నేరుగా తగలకుండా నీడ కట్టండి, లేకపోతే మళ్లీ ఆ మీటరే చెడిపోయిందని గొడవ. పొగ వచ్చే కడ్డీ ఒకటి ఇంటి నడిమధ్య వెలిగించి ఆ పొగ ఎటు పోతుందో, పోతుందో లేదో రైతుకు చూపించండి. ఈ మూడింటికీ కలిపి సగం రోజు చాలు.

ఇంకొక చిన్న కోరిక, చిన్నదే గానీ నా మోకాళ్లకు పెద్దది. పైకప్పు సందుకు కట్టిన నెట్ దుమ్ము పడితే కడగాలని మీ పుస్తకంలోనే ఉంది. దాని దగ్గరికి ఎక్కే దారి మాత్రం బొమ్మలో లేదు. గటర్ మీద నడుస్తూ, ఒక చేత్తో పైపు పట్టుకుని, ఇంకో చేత్తో నీళ్ల పైపు పట్టుకుని కడుగుతున్నాం. కిందటిసారి నా కాలు షీట్‌లోంచి దిగబడింది. అక్కడొక నిచ్చెన, ఒక మనిషి నిలబడేంత పలక గీయండి.

ఇట్లు,
పాలీహౌస్‌లో కూరగాయలు పండించే ఒక రైతు